మాకో దిగి కొట్టినవాడే మొనగాడు: రోదసి ఆర్‌పీజీల్లో ఎక్స్‌పీ విద్య

ఎక్స్‌పీ అంటే ఆటలో చేసిన పనికి దక్కే అనుభవ పాయింట్లు. శత్రువును పడగొట్టినా, తాళం తీసినా, మాటకారితనంతో ఎదుటివాణ్ని దారికి తెచ్చినా, ఒప్పుకున్న పని పూర్తిచేసినా ఆట కొన్ని పాయింట్లు జమ వేస్తుంది. నిర్ణీత మొత్తం పోగవగానే లెవెల్ పెరుగుతుంది. లెవెల్‌తో పాటే బలమూ, నైపుణ్యాలూ పెరుగుతాయి. రోదసి కథలతో వచ్చిన రోల్ ప్లేయింగ్ గేముల్లో ఈ పోగును వేగంగా చేసుకోవడం ఒక విద్యగా ఎదిగింది. దానికి చేతివేగం కన్నా లెక్క ముఖ్యం. ఏ పనికి ఎంత ముడుతుందో, ఎక్కడ తెగించాలో, ఎక్కడ చేతులు కట్టుకుని ఆగాలో తెలియాలి. ఆగడం అన్నది చాలామందికి చచ్చినా అంతుపట్టదు.

ఎక్స్‌పీ లెక్క రోదసిలో పుట్టింది కాదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే బల్ల మీద ఆడే ఆట దాన్ని లోకానికి అలవాటు చేసింది. 1977లో వచ్చిన మార్క్ మిల్లర్ ‘ట్రావెలర్’ అచ్చంగా రోదసి ఆటే గానీ అందులో ఎక్స్‌పీ లేదు. పైగా పాత్రను తయారుచేసుకుంటూ ఉండగానే, ఆట మొదలవకముందే, ఆ పాత్ర చచ్చిపోవచ్చు కూడా. తర్వాత కంప్యూటర్ల మీద ఎన్నో వచ్చాయి. ఇక్కడ చెప్పుకోవాల్సిన విద్యకు మాత్రం అసలు బడి 2003లో బయోవేర్ సంస్థ విడుదల చేసిన ‘స్టార్ వార్స్: నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్’. అభిమానులకు అది కోటార్.

కోటార్ లెక్క చాలా సూటిగా ఉంటుంది. రెండో లెవెల్‌కు 1,000 ఎక్స్‌పీ, మూడో దానికి 3,000, నాలుగో దానికి 6,000. అలా పెరుగుతూ ఇరవయ్యో లెవెల్‌కు 1,90,000. అదే గరిష్ఠం, ఆపైన మెట్టు లేదు. కథానాయకుడు మొదట సైనికుడో, స్కౌటో, స్కౌండ్రెలో అవుతాడు. టారిస్ గ్రహం దాటి డాంటూయిన్ గ్రహం చేరాకనే జెడై యోధుడు అవుతాడు. చిక్కంతా ఇక్కడే ఉంది. టారిస్‌లో వచ్చిన లెవెళ్లన్నీ వచ్చినట్టే వాడేసుకున్నవాడు ఏ ఎనిమిదో లెవెల్‌లోనో జెడై బడిలో అడుగుపెడతాడు. అతనికి మిగిలేవి పన్నెండు జెడై లెవెళ్లు. ఫోర్స్ అనే అతీత శక్తులు వచ్చేది జెడై లెవెళ్లతోనే కాబట్టి సైనికుడిగా ఎక్కిన ప్రతి మెట్టూ జెడైకి నష్టమే.

అందుకని తెలిసినవాళ్లు రెండో లెవెల్ దగ్గరే ఆగిపోతారు. ‘లెవెల్ అప్’ బటన్ వెలుగుతూనే ఉంటుంది, దాన్ని ముట్టుకోరు. ఎక్స్‌పీ లోపల పోగవుతూ ఉంటుంది. డాంటూయిన్‌లో జెడై దీక్ష ముగిసిన మరుక్షణం దాచిందంతా ఒక్కసారిగా విప్పుతారు. వరసగా ఐదారు లెవెళ్లు, అన్నీ జెడైవే. మొత్తం మీద పద్దెనిమిది జెడై లెవెళ్లు చేతికొస్తాయి. పాయింట్లు ఒక్కటీ ఎక్కువ రాలేదు, వచ్చినవాటి విలువ పెరిగింది. పంట చేతికి రాగానే అమ్ముకోకుండా ధర వచ్చేదాకా గాదెలో ఉంచిన రైతు తెలివి ఇది.

చెప్పడానికి తేలికే. రెండో లెవెల్ ప్రాణంతో టారిస్ మొత్తం దాటడం మాత్రం ఆషామాషీ వ్యవహారం కాదు. పైనగరంలో సిత్ సైనికులు, కిందినగరంలో ముఠాలు, ఇంకా అడుగున రాక్‌గూల్స్ అనే మృగాలు. దెబ్బలు తినే పని సహచరులకు అప్పగించాలి. కార్థ్, మిషన్, జాల్బార్ మామూలుగానే లెవెళ్లు ఎక్కి ముందు నిలబడతారు, కథానాయకుడు వాళ్ల వెనక నక్కి ఉంటాడు. ఇందులోనే చూడముచ్చటైన పనితనం ఒకటుంది. మురుగు కాలువల్లో బ్లాక్ వల్కర్ ముఠా స్థావరానికి పోయే దారిలో ఒక రాంకోర్ కాపలా ఉంటుంది. ఏనుగంత మృగం, ఒక్క దెబ్బకు రెండో లెవెల్ మనిషి మిగలడు. ఆ కాలువల్లోనే ఒకచోట రాంకోర్‌కు ఆకలి పుట్టించే కృత్రిమ వాసన ద్రవ్యం దొరుకుతుంది. మృగం ఉండే గదిలో ఒక శవాల కుప్ప ఉంటుంది. మాయా ముసుగుతోనో, దాని చూపు తప్పించుకునో ఆ కుప్ప దగ్గరికి చేరి, అందులో వాసన ద్రవ్యంతో పాటు ఒక గ్రెనేడ్ పెట్టి పక్కకు తప్పుకుంటే చాలు. మృగం వాసన పట్టుకుని వస్తుంది, కుప్ప మీద పడి మింగుతుంది, లోపలే పేలి కూలుతుంది. కత్తి దూయకుండానే ఎక్స్‌పీ దక్కింది. ఇంత చక్కగా కట్టిన చిన్న ఘట్టం తర్వాతి ఇరవయ్యేళ్ల ఆటల్లో ఎన్నిచోట్ల ఉంది?

బెండాక్ స్టార్‌కిల్లర్‌తో పోరు ఇంకో మెట్టు పైది. టారిస్ బరిలో డెడ్‌ఐ డంకన్ మొదలుకుని ట్విచ్ దాకా ఒక్కొక్కరినీ ఓడించినవాడికే బెండాక్ ఎదురుపడతాడు, అదీ చావో రేవో తేలేదాకా. బరిలో సహచరులు ఉండరు. శక్తి కవచాలు, ఉత్తేజక మందులు, గ్రెనేడ్లు, వీటిని వరస తప్పకుండా వాడే నేర్పు, ఇవే ఆధారం. రెండో లెవెల్‌తోనే బెండాక్‌ను పడగొట్టిన ఆటగాళ్లున్నారు. ఈ విద్యలో పండితులన్న మాట ముందుగా వాళ్లకే చెల్లుతుంది.

చిల్లర ఎక్స్‌పీని వదులుకోకపోవడం కూడా కోటార్ నేర్పిన క్రమశిక్షణే. నేలలో పాతిన మైన్లను తొక్కకుండా నిర్వీర్యం చేస్తే పాయింట్లు వస్తాయి, వెలికితీస్తే మైన్ కూడా సంచిలో పడుతుంది. మరి 2004లో ఆబ్సిడియన్ సంస్థ తెచ్చిన రెండో భాగమో? అందులో నాయిక మొదటినుంచీ జెడై. గరిష్ఠ లెవెల్ కూడా 50కి పోయింది. కథ గొప్పదే, ఒప్పుకోవాలి. దాచుకోవాల్సిన అవసరమే లేకుండా పోయాక దాచుకునే విద్య అక్కడ అక్కరకు రాలేదు.

తర్వాతి పెద్ద మలుపు 2007 నవంబరులో ఎక్స్‌బాక్స్ 360 మీద వచ్చిన ‘మాస్ ఎఫెక్ట్’. కోటార్‌కు సారథ్యం వహించిన కేసీ హడ్సనే దీనికీ దర్శకుడు. ఈ ఆటలో కమాండర్ షెపర్డ్ గ్రహాల మీద మాకో అనే ఆరు చక్రాల బండిలో తిరుగుతాడు. దానికి ఫిరంగి ఉంది, మెషిన్ గన్ ఉంది, కవచం ఉంది. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ మాకోలో కూర్చుని చంపిన శత్రువుకు దక్కే ఎక్స్‌పీ, నేల మీద నిలబడి చంపితే వచ్చేదానిలో సగం కూడా ఉండదు. ఆట ఈ సంగతి ఎక్కడా గట్టిగా చెప్పదు. కనిపెట్టినవాడిదే లాభం.

ఆ లెక్కలోంచి పుట్టిన ఎత్తు ఈ సంప్రదాయానికే తలమానికం. థీరమ్ గ్రహం మీద, ఫెరోస్ వంతెన మీద గెథ్ ఆర్మేచర్లు ఎదురవుతాయి. నాలుగు కాళ్ల మీద నడిచే ఇనప కోటలవి. ముందు మాకో ఫిరంగితో దూరం నుంచి కొట్టాలి. ఆర్మేచర్ ప్రాణరేఖ సన్నని గీతగా మిగిలేదాకా కొట్టి, అక్కడ ఠక్కున ఆపాలి. ఒక్క గుండు ఎక్కువైతే ఎక్స్‌పీలో సగానికి పైగా పోయినట్టే. బండిని అడ్డంగా తిప్పి నిలిపి దాని చాటున దిగాలి. ఆర్మేచర్ వదిలే నీలి పిడుగు నెమ్మదిగా వస్తుంది, అది తగిలితే షెపర్డ్ లేవడు. పిడుగు బండికి తగిలి చెదిరిన క్షణాన పక్కకు వంగి రైఫిల్‌తో ఒక్క తూటా. పాయింట్లు మొత్తం పడతాయి. నేల చీల్చుకొచ్చే థ్రెషర్ మా మీద ఇదే ఎత్తు వేసేవాళ్లు మరీ గుండె గలవాళ్లు. అది ఆమ్లం ఉమ్ముతుంది, మనిషి కాళ్ల కిందనుంచే లేచినా లేస్తుంది. లేచిందా, అంతే సంగతులు.

మిగతా మార్గాలు ఇంత ఉత్కంఠగా ఉండవు గానీ పనికొస్తాయి. తాళం వేసిన పెట్టెలు, పాడైన యంత్రాలు తెరిస్తే ఎక్స్‌పీ వస్తుంది. డిక్రిప్షన్, ఎలక్ట్రానిక్స్ రెండూ తెలిసిన టాలీ అనే సహచరిని వెంట ఉంచుకుంటే పోయేది తక్కువ. గరిష్ఠ లెవెల్ 60. మొదటిసారి ఆటలో 50 దగ్గరే ఆగిపోతుంది. అదే షెపర్డ్‌తో మళ్లీ మొదటినుంచి ఆడితేనే 60 చేరేది. అలా చేరినవాడికి ‘ఎక్స్‌ట్రీమ్ పవర్ గేమర్’ అనే బిరుదు. బిరుదు పేరు కాస్త అతిగానే ఉన్నా, దానికి తగ్గ కష్టం ఉంది.

2010లో ‘మాస్ ఎఫెక్ట్ 2’ ఈ విద్య మెడ మీద కత్తి పెట్టింది. శత్రువును చంపితే పాయింట్లు లేవు, తాళం తీస్తే లేవు. మిషన్ చివర ఒక నివేదిక, అందులో ఒక అంకె, అంతే. లెవెల్‌కు వెయ్యి చొప్పున ముప్ఫై లెవెళ్లు. యుద్ధం మెరుగైందని మెచ్చుకునేవాళ్ల మాటను కాదనక్కర్లేదు. ఎలా పోరాడినా జీతం ఒకటే అయినప్పుడు నేర్పరికీ నేర్వనివాడికీ తేడా చూపేదేమిటి? అసలు గాయం 2021లో తగిలింది. మూడు భాగాలకూ మెరుగులు దిద్ది తెచ్చిన ‘లెజెండరీ ఎడిషన్’లో మాకో కోత ఎత్తేశారు. బండి దిగనక్కర్లేదు, దాక్కోనక్కర్లేదు, సీట్లో కూర్చుని మీట నొక్కుతూ పోవచ్చు. కొత్తవాళ్లకు సౌకర్యం అన్నారు. పద్నాలుగేళ్లుగా తూటా లెక్క చూసుకుని బండి దిగినవాళ్ల పనితనాన్ని ఒక్క వాక్యపు మార్పుతో చెత్తబుట్టలో వేశారన్నదే దీనికి సరైన వర్ణన.

ఆన్‌లైన్ ఆటల్లో జరిగింది ఇంకా దారుణం. అక్కడ లెవెల్ సరుకైపోయింది. 2011 డిసెంబరులో మొదలైన ‘స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్’ ఎనిమిది వర్గాలకు ఎనిమిది కథలతో ఘనంగా వచ్చింది. 2015లో చందాదారులకు కథా మిషన్ల మీద పన్నెండు రెట్ల ఎక్స్‌పీ ఇచ్చారు. అదే ఏడాది కొత్త భాగంతో ఏకంగా 60వ లెవెల్ పాత్రనే చేతిలో పెట్టారు. ‘ఈవ్ ఆన్‌లైన్’ది మరో తోవ. ఐస్‌లాండ్ సంస్థ సీసీపీ 2003లో తెచ్చిన ఈ ఆటలో ఎక్స్‌పీ లేదు, నైపుణ్య పాయింట్లు గడియారంతో పాటు వాటంతటవే పెరుగుతాయి. వేగం కావాలంటే మెదడుకు అమర్చుకునే ఇంప్లాంట్లు, గుణాలను తిరిగి సర్దుకోవడం వంటి పద్ధతులున్నాయి. ఓపికే పెట్టుబడి. 2016 ఫిబ్రవరిలో అక్కడికి ఇంజెక్టర్లు వచ్చాయి. ఒక పాత్రలోంచి 5,00,000 పాయింట్లు పిండి సీసాలో పోసి సంతలో అమ్ముకోవచ్చు, కొన్నవాడు తన పాత్రకు ఎక్కించుకోవచ్చు. అప్పటికే ఎక్కువ పాయింట్లున్నవాడికి తక్కువే ఎక్కేలా నియమం పెట్టారు, 8 కోట్లు దాటిన పాత్రకు 1,50,000 మాత్రమే. ఆ నియమం పెద్ద జేబులను ఆపలేదు. ఏళ్ల తరబడి ఎదురుచూసినవాడి పక్కన, నిన్న వచ్చి ఇవాళ కొనుక్కున్నవాడు అదే ఓడలో కూర్చున్నాడు.

2023 సెప్టెంబరులో బెథెస్డా ‘స్టార్‌ఫీల్డ్’ వచ్చాక చర్చ మళ్లీ వేడెక్కింది. వెయ్యికి పైగా గ్రహాలు, లెవెల్‌కు హద్దే లేదు. నిఖార్సైన పద్ధతులు ఇందులోనూ ఉన్నాయి. మంచం మీద నిద్రపోయి లేస్తే కొంతసేపు ఎక్స్‌పీ 10 శాతం ఎక్కువ, మనసిచ్చిన సహచరి పక్కన ఉంటే 15 శాతం. నక్షత్ర పటంలో ప్రతి వ్యవస్థ పక్కనా దాని లెవెల్ కనిపిస్తుంది. తన స్థాయికి మించిన చోటికి ధైర్యంగా వెళ్లి గెలిచినవాడికి ఒక్కో శత్రువుకూ దండిగా ముడుతుంది. న్యూ అట్లాంటిస్ నగరంలో వాన్‌గార్డ్ దళపు పరీక్షకని పెట్టిన ఓడ సిమ్యులేటర్‌లో కూల్చిన ఓడలు కూడా పైలటింగ్ నైపుణ్యపు సవాలు లెక్కలోకి వస్తాయి. పరీక్ష గదినే వ్యాయామశాలగా మార్చుకున్నవాడి చురుకుదనాన్ని మెచ్చుకోవాల్సిందే.

నూటికి తొంభైమంది పట్టుకున్న దారి మాత్రం వేరు. బెసెల్ 3-బి అనే చిన్న చంద్రుడి మీద ఇనుము, అల్యూమినియం రెండూ దొరుకుతాయి. అక్కడ ఒక గంట గడిస్తే బయట 57 గంటలు గడిచినట్టు. రెండు లోహాలూ తవ్వే యంత్రాలు పెట్టి, మంచం వేసుకుని ఒక రోజు నిద్రపోతే గోదాములు నిండిపోతాయి. లేచి వర్క్‌బెంచ్ దగ్గర అడాప్టివ్ ఫ్రేములు 99 చొప్పున చేయడం, ఒక్కోదానికి 1 ఎక్స్‌పీ. మళ్లీ నిద్ర, మళ్లీ ఫ్రేములు. లెవెళ్లు వస్తాయి, నిజమే. రాంకోర్ కడుపులో గ్రెనేడ్ పేల్చిన బుర్ర, ఆర్మేచర్ ముందు బండి దిగిన గుండె ఇందులో ఎక్కడుంది? ఇది ఆట కాదు, షిఫ్టు డ్యూటీ. ష్రోడింగర్ 3 గ్రహం మీద సాధుజంతువుల మందలను వరసబెట్టి కాల్చడం దీనికన్నా ఒక్క మెట్టు పైది, అంతే. కన్సోల్‌లో ఆదేశం టైపుచేసి లెవెల్ పెంచుకునేవాళ్ల ఊసు ఇక్కడ ఎత్తనక్కర్లేదు. ఆట కూడా వాళ్లకు అచీవ్‌మెంట్లు ఇవ్వదు.

స్టార్‌ఫీల్డ్‌కే 2024 మేలో వచ్చిన సవరణ పోయిన లెక్కను కొంత తిరిగి తెచ్చింది. శత్రువు దెబ్బ ఎంత గట్టిగా తగలాలి, గాయాలు ఎంత బాధించాలి, తిండీ నీళ్లూ లేకపోతే కుంగిపోవాలా, వ్యాపారుల దగ్గర డబ్బు ఎంత ఉండాలి అన్నవి ఆటగాడే విడివిడిగా నిర్ణయించుకోవచ్చు. కష్టం పెంచుకున్న కొద్దీ ఎక్స్‌పీ శాతం పెరుగుతుంది, సుఖం కోరితే తగ్గుతుంది. మెనూలో ఆ శాతం అంకెలతోనే కనబడుతుంది. ఎక్స్‌పీ మీద ఆశ ఉన్నవాళ్లు బెసెల్ దారి పట్టకముందు ఆ మెనూ తెరిచి, శత్రువు దెబ్బనూ ఆకలినీ పైకి జరిపి, తర్వాతే ఓడ ఎక్కాలి.