బోర్డు మీదే ప్రోగ్రామర్: మొదటి చిప్ మాటేమిటి?

సూరత్ అనగానే మనవారికి మరమగ్గాలు గుర్తుకు వస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతూ వచ్చింది. అలాంటి ఇంటి కుర్రవాడొకడు డిప్లొమా చదువుతూ, మగ్గం ఎన్ని పేక పోగులు వేసిందో లెక్కపెట్టే పరికరం తయారుచేయదలచాడనుకుందాం. దానికి మైక్రోకంట్రోలర్, ప్రయోగాలకు ఒక బోర్డు, రాసిన ప్రోగ్రామును చిప్‌లోకి ఎక్కించే ప్రోగ్రామర్ కావాలి. అన్నీ ఒకే బోర్డు మీద ఇంట్లోనే చేసుకోవచ్చునంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ ఆశ ఎంతవరకు నెరవేరుతుంది?

ఒకప్పుడు ఇది అయ్యే పని కాదు. 8051 కుటుంబంలోని 8751 చిప్‌ను చెరపాలంటే దాని గాజు కిటికీ మీద అతినీలలోహిత కిరణాలు పడాలి. తరువాతి 89సి51 విద్యుత్తుతోనే చెరిగేది గాని, దాన్ని బోర్డు నుంచి పీకి వేరే ప్రోగ్రామర్‌లో పెట్టవలసి వచ్చేది. 89ఎస్52, ఏవీఆర్ చిప్‌లతో ఆ బాధ తప్పింది. రీసెట్‌తో కలిపి నాలుగు తీగలు, ఒక గ్రౌండ్ ఉంటే చాలు.

ఈ తీగలను కంప్యూటర్ యూఎస్‌బీకి కలిపే సర్క్యూట్లలో బాగా ప్రచారంలో ఉన్నది జర్మనీకి చెందిన థామస్ ఫిష్ల్ రూపొందించి అందరికీ ఉచితంగా ఇచ్చిన యూఎస్‌బీ ఏఎస్‌పీ. ఒక ఏటీమెగా8, 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు జీనర్ డయోడ్లు, కొన్ని రెసిస్టర్లు, అంతే. ఇందులో యూఎస్‌బీ కోసం ప్రత్యేక చిప్ లేదు. సెకనుకు 15 లక్షల బిట్లు వస్తూంటే, ఒక్కో బిట్‌కు దొరికే 8 క్లాక్ పల్సుల్లోనే సాఫ్ట్‌వేర్ వాటిని చదివేస్తుంది. ఇంత పొదుపైన సర్క్యూట్ అరుదు.

చిక్కల్లా ఇక్కడే ఉంది. ప్రోగ్రామర్‌గా పనిచేయవలసిన ఆ ఏటీమెగా8 కూడా కొన్నప్పుడు ఖాళీదే! దానిలో ప్రోగ్రాము ఎక్కించడానికి మరో ప్రోగ్రామర్ కావాలి. పెళ్లి అయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదన్న సామెత ఇలాంటిదానికే పుట్టి ఉంటుంది. వెనుకటి కంప్యూటర్లకు ప్యారలల్ పోర్టు ఉండేది, నాలుగు రెసిస్టర్లతో పని గడిచేది. నేటి ల్యాప్‌టాప్‌లకు అది లేదు. మిత్రుడి ఆర్డ్వినో బోర్డు ఒక పూట అరువు తెచ్చుకుంటే అది ప్రోగ్రామర్‌గా పనికివస్తుంది. కనుక 'బయటి సాయం అక్కరలేని బోర్డు' అనడం అతిశయోక్తే. ఈ అరువు సంగతి తయారీ సూచనల్లో మొదటి వాక్యంగా ఉండాలి.

రెండో లోపం ఇంకా బాధిస్తుంది. కొత్త ఏటీమెగా8 తన లోపలి 1 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో నడుస్తుంది. ప్రోగ్రామర్ పంపే క్లాక్ అందులో నాలుగో వంతుకన్నా, అంటే 250 కిలోహెర్ట్జ్‌కన్నా తక్కువగా ఉండాలి. యూఎస్‌బీ ఏఎస్‌పీ మామూలు వేగం 375 కిలోహెర్ట్జ్. చిప్ బదులివ్వదు. కుర్రవాడు అది చచ్చిందనుకొని పారేసి మరొకటి కొంటాడు, అదీ అంతే. మూల సర్క్యూట్‌లో వేగం తగ్గించడానికి ఒక జంపర్ ఉంది. స్థలం కలిసివస్తుందని దాన్ని వదిలేయడం పొదుపు కాదు. తరువాతి ఫర్మ్‌వేర్‌తో వేగాన్ని కంప్యూటర్ నుంచే తగ్గించవచ్చు, నిజమే. కాని ఆ సంగతి తెలిసినవాడికే గదా!

ఇక మగ్గాల షెడ్డు విషయం. మోటార్లు ఆగి కదిలినప్పుడల్లా కరెంటులో పుట్టే అలజడి, ఒకే సప్లై పంచుకున్న బోర్డు ద్వారా ల్యాప్‌టాప్ దాకా పాకుతుంది. సెన్సర్ వైపు ఆప్టోకప్లర్ తప్పనిసరి.

నా మటుకు నేను ప్రోగ్రామర్‌ను అదే బోర్డు మీద ఉంచుతాను గాని, మధ్యలో రాగి గీతలు వేయను. రెండు భాగాల మధ్య ఆరు పిన్నుల కనెక్టర్, ఒక చిన్న కేబుల్, సప్లైకి జంపర్. కొంచెం అందం తగ్గుతుంది. అయితేనేం, లెక్క పరికరం షెడ్డులో నడుస్తూండగానే ప్రోగ్రామర్ భాగాన్ని వేరే పనికి వాడుకోవచ్చు. పక్కింటి కుర్రవాడు కొన్న ఖాళీ ఏటీమెగా8కు మొదటి ప్రోగ్రాము ఎక్కించి ఇవ్వవచ్చు.