చౌక పుస్తకం ఖరీదు

మన సాహిత్య చరిత్రల్లో రచయితలున్నారు, పత్రికలున్నాయి, వాదాలున్నాయి. పుస్తకాల కొట్టు లేదు. సాహిత్యానికి భౌతిక పునాది ఉంటుందని పదేపదే చెప్పే మనం, అభ్యుదయ సాహిత్యం పాఠకుడి చేతికి ఎట్లా చేరింది, ఆ ధరకి ఎట్లా చేరింది అని అడగడం అరుదు. మనుబోలు లాంటి ఊరివాళ్లకి ఇది చిన్న ప్రశ్న కాదు. నెల్లూరుకీ గూడూరుకీ నడుమ పెద్ద రహదారి మీదే ఉన్నా, పుస్తకాల కొట్టు కోసం బస్సెక్కాల్సిన ఊరు అది.

1953లో విజయవాడలో మొదలైన విశాలాంధ్ర ప్రచురణాలయం ఈ దూరాన్ని కొంత తగ్గించింది. దాని సంచార వ్యాను చిన్న ఊళ్ల కూడళ్లలో ఆగి గోర్కీని, చెహోవ్‌ని అమ్మింది. ఉప్పల లక్ష్మణరావు, రా.రా. వంటివాళ్లు మాస్కోలో ఉండి చేసిన అనువాదాలు మంచి కాగితం మీద, గట్టి అట్టతో, కారుచౌకగా వచ్చేవి. ఆ చౌకదనాన్ని ఉద్యమ విజయంగా చెప్పుకున్నాం. నిజానికి ఖర్చు భరించింది సోవియట్ రాజ్యం. 1991లో ఆ రాజ్యం పోయింది, కొత్త పుస్తకాల రాకా పోయింది.

1980లో సి.కె. నారాయణరెడ్డి, గీతా రామస్వామి, వారి మిత్రులు హైదరాబాద్ బుక్ ట్రస్ట్ పెట్టినప్పుడు వెనక ఏ రాజ్యమూ లేదు. మొదట్లోనే అలెక్స్ హేలీ 'రూట్స్'ని సహవాసి సంక్షిప్తానువాదంలో 'ఏడు తరాలు'గా తెచ్చారు. తెలుగు పాఠకలోకం దాన్ని గుండెకి హత్తుకుంది. మూలాన్ని కుదించడం అపచారమని పండితులు అనవచ్చు. కూలి డబ్బుతో కొనే పాఠకుడికి లావు పుస్తకం అందదు కాబట్టి ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. కాని నష్టమే లేదనకూడదు. నవలలో నిదానం కూడా వస్తువులో భాగం. కుంటా కింటే నుంచి తరాల తరబడి సాగిన బానిసత్వపు బరువు కొంత పేజీల బరువు వల్ల కూడా తెలుస్తుంది. కుదింపులో కథ నిలిచింది, కాలం తేలికైంది. మన నవలాకారులు కొందరు ఈ పొట్టి పుస్తకం నుంచి వేగాన్ని మాత్రమే నేర్చుకున్నారేమో.

ఇక ధర సంగతి. ట్రస్టు లాభాపేక్ష లేనిది. జీతం కోసం కాక ఇష్టం కొద్దీ పనిచేసినవాళ్ల మీద నడిచింది. అంటే చౌక పుస్తకం ఖరీదు ఈసారి వాళ్ల శ్రమ. దాన్ని త్యాగమని దండ వేస్తాం. దండ వేశాక లెక్క అడగడం మర్యాద కాదు కదా, చిక్కంతా అక్కడే. జీతం లేకుండా ఏళ్ల తరబడి ఎవరు పనిచేయగలరు? చదువో, ఆస్తో, ఇంట్లో మరొకరి సంపాదనో ఉన్నవాళ్లు. అచ్చుకి ఏ పుస్తకం ఎక్కాలో ఎంచేది కూడా వాళ్లే. ట్రస్టు ఈ గిరి కొంత దాటిందని ఒప్పుకోవాలి. డేవిడ్ వెర్నర్ గ్రామీణ వైద్య గ్రంథాన్ని తెలుగు చేసింది, దళితుల ఆత్మకథలు వేసింది. గీతా రామస్వామి స్వయంగా ఇబ్రహీంపట్నం వెళ్లి వెట్టి కూలీల మధ్య, భూమి పోరాటంలో పనిచేశారు. అయినా పుస్తకం ఊరు చేరినంతగా, పుస్తకం చుట్టూ నలుగురు కూర్చునే చోటు ఊరు చేరలేదు. 2010లో హైదరాబాదులో తెరిచిన లామకాన్ అలాంటి చోటే గాని, అది నగరం నడిబొడ్డున బంజారాహిల్స్‌లో ఉంది.

ఆ చోటు మన జిల్లాలోనే ఒకసారి ఏర్పడింది, కాని దాన్ని సాహిత్య విషయంగా మనం లెక్కించలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిపూట కేంద్రాలు నడిచాయి. సారా మీద పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా కొట్టు మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అక్కడ చదువు చెప్పిన వాలంటీర్లకీ జీతం లేదు. చదివినవాళ్లు మాత్రం పగలంతా కూలి చేసి వచ్చినవాళ్లు, పాఠంలో ఉన్నది వాళ్ల ఇంటి సంగతి. ఆ వాచకాన్ని వాళ్లెవరూ ఏ కొట్లోనూ కొనలేదు.