యుద్ధాభినయము: ఇరువురు వానరవీరులు

యుద్ధమును ప్రేక్షకులయెదుట చూపుట యెట్లు? ఈ ప్రశ్న మన లాక్షణికులకు క్రొత్తది కాదు. భరతుడు నాట్యశాస్త్రమున చారీవిధానమును చెప్పుచు, శస్త్రప్రయోగమునకు భారతము, సాత్వతము, వార్షగణ్యము, కైశికము అను నాలుగు న్యాయములను నిర్దేశించెను. రంగమున శరీరమును ఛేదింపరాదనియు, రక్తమును స్రవింపజేయరాదనియు, ప్రహారమును సంజ్ఞామాత్రముగా చూపవలెననియు అచ్చటనే శాసించెను. దశమశతాబ్దివాడైన ధనంజయుడు ఇంకను కఠినుడై, యుద్ధమును వధను ప్రత్యక్షముగా చూపదగనివానిలో చేర్చెను. ఇరువురి మాటల సారాంశమొక్కటియే: సహృదయునకు కావలసినది వీరుని గతి కాని, వాని గాయము కాదు.

ఈ నియమమును నేడు మరల విచారించుటకు కారణము వీడియో క్రీడ. 2006వ సంవత్సరమున జపానుదేశపు నింటెండో సంస్థ 'వీ' యను యంత్రమును వెలువరించెను. అంతకుముందు క్రీడాకారుడు ప్రధానముగా బొత్తాములు నొక్కి తెఱపై బొమ్మను నడపెడివాడు. ఈ యంత్రముతో పిడికిట పట్టిన సాధనమునే ఊపి ఆడవచ్చును. సాధనములోని పరికరము చేతి త్వరణమును మూడు దిశలయందు కొలిచి యంత్రమునకు తెలుపును. స్పైక్ సంస్థ నిర్మించిన 'డ్రాగన్ బాల్ జీ: బుడోకాయ్ టెన్‌కాయిచి 2' అను యుద్ధక్రీడ ఆ సంవత్సరమే ఈ యంత్రమునకు ఉత్తరామెరికాలో విడుదలయ్యెను. అకిరా తోరియామా 1984 మొదలు 1995 వఱకు ధారావాహికముగా చిత్రించిన కథ దీనికి మూలము. నాయకుడైన గోకు రెండుచేతులను నడుమువద్దకు తీసి, ముందునకు చాచి, తేజఃపుంజమును వెలువరించును. దాని పేరు కమెహమెహా. ఆడువాడును చేతులను వెనుకకు తీసి ముందునకు త్రోసిననే బొమ్మ ఆ పని చేయును. ఓడినవాడు నేలకొఱగును, మఱుసటి పందెమున యథాపూర్వముగా లేచి నిలుచును.

షాద్‌నగరమున ఒక బంధుగృహమందు ఈ క్రీడను నేను చూచితిని. ఆ యింటి ముసలమ్మ సాధనమును చేతబట్టి, మనుమడు చెప్పినట్లు చేతులు చాపెను. చాపుటలో కొంగు జాఱెను, సాధనము తలక్రిందయ్యెను, బొమ్మ కదలకుండెను. ఇంటిల్లిపాది నవ్విరి, ఆమెయు నవ్వెను. పిమ్మట మనుమడు మంచముపై చేరగిలబడి, మణికట్టును కొంచెము విదిలించి, అదే తేజఃపుంజమును వెలువరించెను. అప్పుడెవరును నవ్వలేదు, ఎవరును ఆశ్చర్యపడలేదు కూడ.

ఈ చిన్న సంఘటనలో విమర్శకునకు కావలసిన విషయమంతయు కలదు. భరతుడు రౌద్రమునుండి కరుణమును, వీరమునుండి అద్భుతమును పుట్టుననెను. పడినవాడు లేచుచున్నందున ఈ క్రీడలో కరుణమునకు అవకాశము లేదు. కరుణమునకు తావులేనిచోట రౌద్రమును పూర్ణముగా నిలువదు, మిగులునది వీరాద్భుతములు. పిన్నలు పెద్దలు కలసి చూడదగిన యుద్ధమనగా ఇదియే. కాని ముసలమ్మ చేష్టలో పుట్టినది వీరము కాదు, హాస్యము. వికృతచేష్టలు హాస్యమునకు విభావములని శాస్త్రమే చెప్పుచున్నది. తెఱపై వీరము, గదిలో హాస్యము: ఈ రెండును ఏకకాలమున నడచుటయే ఈ జాతి క్రీడల ప్రత్యేకత. కేవలము తెఱను చూచి వ్రాసిన విమర్శ సగము విమర్శయే యగును.

ఇక మన ప్రాంతపు కృతిని పరిశీలింతము. హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ సంస్థ నిర్మించిన 'హనుమాన్: బాయ్ వారియర్' 2009లో ప్లేస్టేషన్ 2 యంత్రమునకు వెలువడెను. భారతదేశముననే సంపూర్ణముగా నిర్మింపబడి ఆ యంత్రమునకెక్కిన మొదటి క్రీడగా అది ప్రసిద్ధి చెందెను. దైవమును క్రీడాకారుని చేతిలోని సాధనముచే నడపుట అపచారమని అమెరికాలోని రాజన్ జెడ్ అదే సంవత్సరమున ఆక్షేపించెను. ఈ ఆక్షేపణకు తోలుబొమ్మలాటయే సమాధానము. హనుమంతుని బొమ్మను వెదురుకఱ్ఱలతో నడపినవాడు మానవుడే. యుద్ధఘట్టమున పలకలపై పాదములు తాటించి ధ్వని కల్పించినవాడును మానవుడే. దానిని అపచారమని మన పల్లెలు తలంపలేదు.

నా ఆక్షేపణ వేఱు. తోలుబొమ్మలాటలో హనుమంతుని ఉత్సాహము ఆటగాని పాదములలో, కంఠములో, భుజములలో ఉండును. ఈ క్రీడలో అది బొటనవ్రేలిలో మాత్రమే యుండును. కథ మనదైనను అభినయపద్ధతి మనది కాలేదు. మఱియొకవైపు గోకు కథ పరదేశీయము. అయినను ఆ క్రీడ ఆడువాని ఆంగికమును కోరినది. ఇతివృత్తమును బట్టి కృతిని స్వీయమని ఆదరించు మన అలవాటు ఇచ్చట నిలువదు.

ఈ ఇరువురు వీరులును దూరబంధువులు కావచ్చునను వాదమొకటి కలదు. గోకు పేరు చీనా నవలయైన 'పశ్చిమయాత్ర'లోని వానరుడు సున్ వుకోంగ్ పేరునకు జపాను ఉచ్చారణము. ఆ వానరునకు హనుమంతుడు మూలమని చీనా పండితుడు హూ షిహ్ 1923లో ఊహించెను. లూ షున్ దానిని అంగీకరింపక స్వదేశీయ మూలమునే చూపెను. వివాదము తీఱినది కాదు. కావున బాంధవ్యమును ఆధారము చేసికొని గర్వించుటకు వీలులేదు. ఒకవేళ తీఱినను, పై విమర్శకు దానివలన బలము చేకూరదు.

అట్లని అంగచలనక్రీడ అభినయమైనదని నిర్ణయింపరాదు. మనుమని మణికట్టును మఱువరాదు. యంత్రము త్వరణమును కొలుచునే కాని భంగిమను ఎఱుగదు. 2009లో భ్రమణమును కొలుచు పరికరము వీ సాధనమునకు తోడయ్యెను. 2010లో మైక్రోసాఫ్టువారి కినెక్ట్ ఏ సాధనమును పట్టకయే దేహమంతటిని గుర్తింపజొచ్చెను. 2012లో డ్రాగన్ బాల్ జీ క్రీడయు దానికి వచ్చెను. కొలత సూక్ష్మమయ్యెను; అయినను కొలతయే. 2017లో కినెక్ట్ ఉత్పత్తి నిలిచిపోయెను. తెలంగాణమున చిందు భాగవతులు వేయు ఒక్క చిందును చూచి గ్రామస్థులు "ఇది భీముడు, ఇది దుర్యోధనుడు" అని భేదము తెలియగలరు. ఇద్దఱును గదాధారులే, భేదము సాత్త్వికమునందున్నది. యంత్రమున కా భేదము లేదు. ఏది చాలునో దానినే ఆడువాడు త్వరలో కనుగొనును, కనుగొన్నపిదప చేరగిలబడును.

కనుక తీర్పరి యంత్రము కాదు, గదిలోని ప్రేక్షకులే. ముసలమ్మ చేష్ట యంత్రదృష్టిని వైఫల్యము. చూచినవారి దృష్టిని ఆ సాయంకాలమున జరిగిన అభినయము అదియొక్కటే. ఈ విషయమున పరిశోధించు విద్యార్థులు క్రీడల కథాసంగ్రహములను సేకరించుటతో తృప్తిచెందక, ఆడువారి నిలుకడను, చూచువారి స్పందనను లిఖించుట అవసరము. ప్రహారము సంజ్ఞామాత్రముగా ఉండవలెనన్న భరతుడు, ఆ సంజ్ఞను గుర్తించు సహృదయుడు ఎదుట కూర్చుండునని నమ్మియే అట్లు చెప్పెను.