మంచు దగ్గరే ఆగిపోయే రాతలు

వంజంగి ట్రెక్ మీద ఈ మధ్య చాలా చదివాను. దాదాపు అన్నీ ఒకటే: అర్ధరాత్రి వైజాగ్‌లో బయల్దేరడం, పాడేరులో టీ, చీకట్లో కొండెక్కడం, తెల్లారేసరికి కాళ్ళ కింద మేఘాలు. అడవి అనుకుని దాటింది కాఫీ తోటని, మిరియాల తీగ పాకిన ఆ సిల్వర్ ఓక్ చెట్లు ఎవరివో ఒక్కరూ రాయరు. (నేను రాసినదాంట్లోనూ లేదు.)

'వనవాసి' మళ్ళీ తీసింది అందుకే. బిభూతిభూషణ్ 'ఆరణ్యక్'కి సూరంపూడి సీతారాం అనువాదం. అందులో సత్యచరణ్ ఉద్యోగమే జమీందారు తరఫున అడవిని రైతులకు పంచి నరికించడం. వెన్నెల్లో గుర్రం మీద తిరుగుతూ ఆ అడవిని ప్రేమించేదీ అతనే. తన చేతుల్తోనే పోయిందన్న బాధతో చెప్తాడు కాబట్టి అతని వెన్నెల్ని నమ్ముతాం.

మన ట్రెక్ రచయితకి ఆ బరువు లేదు. బొర్రా ఉన్న అనంతగిరి మండలంలోనే గిరిజనేతరులకిచ్చిన గనుల లీజులు చెల్లవని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మనవాళ్ళ అరకు వ్యాసాల్లో బొర్రా గుహల రంగులుంటాయి, ఆ కేసుండదు. చెత్త వెయ్యొద్దని చివర్లో ఒక వాక్యం మాత్రం తప్పకుండా ఉంటుంది.