మోసినవాడి బరువు

2021 అక్టోబరు చివర్లో మన కొండల మీద గంజాయి తోటలు నరకడం మొదలైనప్పుడు ప్రభుత్వం ఆ పనికి ‘ఆపరేషన్ పరివర్తన’ అని పేరు పెట్టింది. ఆ పేరు దగ్గరే నాకు పేచీ. మారాల్సింది ఎవరు? విత్తనం తెచ్చి, పెట్టుబడి అప్పుగా ఇచ్చి, కోత అయ్యాక సరుకు పట్టుకుపోయిన షావుకారుకు ఆ పేరులో చోటు లేదు. తాగుబోతు మారాలన్నట్టు, దొంగ మారాలన్నట్టు, గిరిజనుడు మారాలి.

గంజాయి మనకు మేలు చేసిందని నేననను. చోళ్లు, సామలు పండిన చేలు దానికి పోయాయి, ఊళ్లోకి కొత్త మనుషులూ కొత్త భయాలూ వచ్చాయి. ఏడు వేలకు పైగా ఎకరాల్లో తోటలు నరికామన్నారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల సరుకు కాల్చారు. సాగు బాగా తగ్గింది, ఒప్పుకోవాలి. కానీ రవాణా ఆగలేదు. ఒడిశా వైపు సరుకు మన దారుల్లోనే కిందికి దిగుతోంది. దొరికేది మోసేవాడే.

ఇక్కడే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని మనం సొంతంగా చదువుకోవాలి. గంజాయి కిలో లోపు దొరికితే శిక్ష ఏడాదికి మించదు. ఆ మనిషి వ్యసనపరుడై, తనంతట తానుగా చికిత్సకు ముందుకొస్తే 64ఎ సెక్షన్ కింద విచారణే తప్పుతుంది. మంచి సెక్షనే. మత్తుకు బానిసైనవాణ్ణి రోగిగా చూడటం ఈ చట్టానికి తెలుసన్నమాట.

20 కిలోలు దాటితే మాత్రం తక్కువలో తక్కువ పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై. జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. 20 కిలోలంటే ఎంత? సంతకు పసుపు, అల్లం మోసుకెళ్లే మన ఆడవాళ్ల నెత్తిబరువు. సరుకు ఎవరిదో, లాభం ఎవరికి పోతుందో ఆ తూకంలో కనబడదు. రోజుకూలికి మోసినవాడూ లారీలు నడిపించేవాడూ ఒకే గీత కింద పడతారు. పైగా 37వ సెక్షన్ ఉంది. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని కోర్టుకు అనిపిస్తే తప్ప బెయిలు రాదు. లాయరుకు ఇవ్వడానికి, పాడేరు నుంచి విశాఖకు వాయిదా వాయిదాకూ దిగడానికి ఏ ఇంట్లో డబ్బుంది? ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడే మనిషికి ఛార్జిషీటు తెలుగులో చదివి వినిపిస్తే ఎంత అర్థమవుతుంది? బడి పిల్లలకు ఆ భాషల్లో వాచకాలు అచ్చువేయడం ఇదే ప్రభుత్వానికి చేతనయింది.

కాఫీ, మిరియం మొక్కలు పంచారు కదా అంటారు. పంచారు. గంజాయి ఆరు నెలల పంట. కాఫీ కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు, దానికి ముందు నీడచెట్లు పెరగాలి. ఆ మధ్య ఏళ్లలో షావుకారు అప్పు అలాగే ఉంటుంది. చేనులో తీర్చలేని అప్పును వీపు మీద తీర్చమంటాడు వాడు. సాగు మానేసిన ఇంటి కుర్రాడు మోతకు ఎందుకు వెళ్లాడని అడిగే అధికారులు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

2024లో ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక దళం వచ్చింది. డ్రోన్లు ఎగురుతున్నాయి, సమాచారం ఇవ్వడానికి 1972 నంబరు పెట్టారు. ఆకాశం నుంచి మొక్క కనబడుతుంది, అప్పు కాగితం కనబడదు.

ఆ కాగితం దాకా వెళ్లే దారి చట్టంలో లేకపోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడికి, ఆ సాక్ష్యం కోసం, ప్రభుత్వం విచారణ నుంచి మినహాయింపు ఇవ్వొచ్చని 64వ సెక్షన్ చెబుతోంది. ఎన్ని ఎకరాలు నరికారో, ఎన్ని కిలోలు కాల్చారో చెప్పే ప్రకటనల్లో ఈ సెక్షన్ కింద ఎందరు మోతగాళ్లను వదిలారో, వాళ్లు చెప్పిన మాట పట్టుకుని ఎందరు షావుకార్లను పట్టుకున్నారో కూడా చెప్పమని మనం అడగాలి.