గుడి గడప దాటితేనే మారుమనస్సు

1906లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీకి కొత్త ప్రిన్సిపాల్ కావలసి వచ్చింది. అప్పట్లో కాలేజీ కశ్మీరీ గేటు దగ్గర ఉండేది. 1881లో దాన్ని పెట్టింది ఇంగ్లండు నుంచి వచ్చిన కేంబ్రిడ్జి మిషన్. ఇరవై ఏళ్లుగా అక్కడ పాఠాలు చెబుతున్న సుశీల్ కుమార్ రుద్ర బెంగాలీ క్రైస్తవుడు. 1904లో వచ్చిన చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్ ఆంగ్లేయుడు. ఆ రోజుల లెక్క ప్రకారం కుర్చీ దొరగారిదే. ఆండ్రూస్ మాత్రం రుద్రగారికే ఇవ్వాలని పట్టుబట్టారు, ఇప్పించారు కూడా. ఆ కాలేజీకి తొలి భారతీయ ప్రిన్సిపాల్ రుద్రగారే. ఆయన చేతి కింద పనిచేయడానికి ఆండ్రూస్ సంతోషంగా ఒప్పుకున్నారు.

దీన్ని ఆండ్రూస్ మంచితనం కింద జమకట్టి ఊరుకోవచ్చు. కానీ క్రైస్తవులు మారుమనస్సు అని దేన్నంటారో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. తన జాతి చేస్తున్న తప్పును చూడడం, దాన్ని తప్పని ఒప్పుకోవడం, ఆ తప్పువల్ల తనకు దక్కేదాన్ని వదులుకోవడం, ఆ తర్వాత వేరే తీరున బతకడం. ఈ నాలుగూ ఉంటేనే మారుమనస్సు. కన్నీళ్లు పెట్టుకున్నంత మాత్రాన లెక్కలోకి రాదు.

సువార్తల్లో జక్కయ్య కథ తెలియని క్రైస్తవుడు ఉండడు. పన్నులు వసూలు చేస్తూ జనాన్ని దోచుకున్నవాడు. యేసు తన ఇంటికి వచ్చిన రోజున ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. రక్షణ మాట యేసు నోట వచ్చింది ఆ తర్వాతే. కొండమీది ప్రసంగంలోనూ అదే వరస. బలిపీఠం దగ్గర కానుక అర్పించబోతూ ఉండగా, నీ మీద సోదరుడికి ఏదో కోపం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడి రావాలి. దేవుడితో లెక్క సరిచేసుకునే దారి మనిషి ఇంటి మీదుగా పోతుందన్నమాట.

ఈ వరసనే ఆరాధన క్రమంలో కూడా దిద్ది పెట్టారు. కతోలికులు గురువు దగ్గరికి వెళ్లి ఒంటరిగా పాపసంకీర్తనం చేస్తారు. ముందు ఆత్మపరిశీలన, తర్వాత పశ్చాత్తాపం, మళ్లీ చేయనన్న తీర్మానం, నోటితో చెప్పడం, చివర గురువు విధించిన ప్రాయశ్చిత్తం. సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం), సి.ఎన్.ఐ. (ఉత్తర భారత సంఘం) ఆరాధనల్లో ప్రభు భోజనపు బల్ల దగ్గరికి వచ్చే ముందు అందరూ ఒకే గొంతుతో ఒప్పుకోలు చదువుతారు. అందులో ‘నేను’ ఉండదు, ‘మేము’ ఉంటుంది. క్షమాపణ మాటలు పలికాక, రొట్టె విరిచే ముందు, సమాధానం ఇచ్చిపుచ్చుకుంటారు. సి.ఎస్.ఐ. క్రమంలో ఒకరి కుడి అరచేతిని ఇంకొకరి కుడి అరచేతికి ఆనించి, ఎడమ చేత్తో పైనుంచి మూస్తారు. కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి వచ్చిన పద్ధతి ఇది. పక్కనున్నవాడితో మాటల్లేకపోయినా చెయ్యి చాపక తప్పదు. మొహమాటంగానైనా మొదలుపెట్టించడమే ఆ క్రమం చేసే పని.

క్షమించేవాడి వైపు నుంచి చూస్తే సంగతి ఇంకా కష్టం. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన ఇద్దరు కొడుకులనూ సజీవదహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానన్నారు, కుష్ఠురోగుల సేవ ఆపలేదు. కేసు ఆగలేదు. 2011లో సుప్రీంకోర్టు యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. క్షమ పగను వదులుకుంటుంది, చట్టాన్ని అడ్డుకోదు. ఈ తేడా తెలియనివాళ్లే క్షమను చేతకానితనం అంటారు.

ఇక సంఘం బయటివాళ్ల సంగతి. మారుమనస్సు పొందినవాడు వాళ్ల దగ్గరికి అప్పుతీర్చుకునేవాడిలా వెళ్తాడు, వసూలుకు వచ్చినవాడిలా కాదు. ఆండ్రూస్‌కు ఢిల్లీలో దొరికిన గొప్ప స్నేహితుల్లో మున్షీ జకావుల్లా ఒకరు. ఉర్దూలో లెక్కల పుస్తకాలు, చరిత్ర గ్రంథాలు రాసిన ముసలి పండితుడు. 1910లో ముస్లింగానే కన్నుమూశారు. ఆయన జీవితం మీద ఆండ్రూస్ 1929లో పుస్తకం తెచ్చారు. అది మతం మార్చిన కథ కాదు, ఆయన దగ్గర తాను నేర్చుకున్నదాని కథ. 1910 ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో భారతీయ బోధకుడు అజరయ్య మిషనరీలను అడిగింది కూడా ఇదే. మీ త్యాగాలు చాలు, స్నేహం కావాలి అన్నారు. రెండేళ్లకు ఆయన డోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్.

1915లో ఆండ్రూస్ మిత్రుడు పియర్సన్‌తో కలిసి ఫిజీ వెళ్లి చెరకు తోటల్లో గిర్మిట్ (ఒప్పంద) కూలీల దుస్థితి చూశారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఆ తోటలకు చేరినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఇద్దరూ కలిసి రాసిన నివేదిక ఈ పద్ధతికి వ్యతిరేకంగా మన దేశంలో సాగిన ఉద్యమానికి బలమైంది. 1917లో కూలీలను పంపడం ఆగింది, 1920 జనవరి 1న ఒప్పందాలు రద్దయ్యాయి. ఆ కూలీల్లో ఎక్కువమంది హిందువులు, ముస్లింలు. వాళ్లకు ఆయన దీనబంధు.

దీనికి ఎదురుగా ఇంకో దృశ్యం పెట్టి చూడాలి. 2019 సెప్టెంబరులో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీ జలియన్‌వాలాబాగ్‌లో సాష్టాంగపడి క్షమాపణ కోరారు. బ్రిటిష్ ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం తనకు లేదని కూడా చెప్పారు. నూరేళ్లకైనా ఆయన నేల మీద పడుకున్నారు, అది చిన్న విషయం కాదు. కానీ జక్కయ్య కొలతతో కొలిస్తే అది సగమే. ప్రభుత్వం విచారం దగ్గరే ఆగింది, మిగతా సగం బాకీ అలాగే ఉంది.

ఆ కొలత మనకూ వర్తిస్తుంది. బల్ల దగ్గర ఒకే గిన్నెలోది తాగి, పెళ్లి సంబంధం దగ్గర కులం అడిగే సంఘాలు తెలుగునాట లేవా? మాల, మాదిగ పేటలకు వేరువేరు గుళ్లు కట్టుకోలేదా? ‘మేము’ అని ఒప్పుకోలు చదివే నోరు వీటి పేరు ఎత్తదు. పేరు ఎత్తని పాపానికి మారుమనస్సు ఉండదు. సంఘ పెద్దలకు ఒక్కటే మనవి. వచ్చే ఉపవాస కూటాల్లో బయటివాళ్ల పాపాల పట్టిక పక్కన పెట్టండి. మన సంఘం ఎవరికి బాకీ పడిందో రాసుకుని, ముందు వాళ్ల ఇంటికి వెళ్లండి. సువార్త చెప్పడం ఆ తర్వాత.