చేతి కణుపుల్లో పందొమ్మిదేళ్లు

కొత్త క్యాలెండర్ రాగానే మన క్రైస్తవుల ఇళ్లలో ముందు వెతికేది ఈస్టర్ ఎప్పుడా అని. క్రిస్మస్‌లా దానికి స్థిరమైన తేదీ లేదు. మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా రావచ్చు. వసంత విషువత్తు, దాని వెనక పున్నమి, ఆ పున్నమి దాటాక ఆదివారం. సూర్యుడు, చంద్రుడు, వారం ముగ్గురూ ఒప్పుకుంటేనే పండగ. ఆ ముగ్గురి పేచీని అరచేతిలో తీర్చి చూపినవాడు బీడ్.

ఇంగ్లండ్ ఈశాన్యాన, నార్తంబ్రియాలో 673 ప్రాంతంలో పుట్టాడు. ఏడేళ్లకే అయినవాళ్లు వేర్‌మౌత్ మఠంలో అప్పజెప్పారు. ఆ తర్వాత జారో మఠమే ఇల్లు. మఠాలు కట్టించిన బెనెడిక్ట్ బిస్కప్ రోమ్ వెళ్లొచ్చినప్పుడల్లా పుస్తకాలు మోసుకొచ్చేవాడు. ఊరు పెద్దగా కదలని బీడ్ వాటిని నమిలి మింగాడు.

725లో రాసిన కాలగణన గ్రంథాన్ని అతను మొదలుపెట్టింది వేళ్లతో. ఎడమ చిటికెన వేలు అరచేతిలోకి మడిస్తే ఒకటి. ఉంగరం వేలు కూడా మడిస్తే రెండు. నడిమి వేలూ కలిస్తే మూడు. నాలుగుకి చిటికెన వేలు మళ్లీ లేస్తుంది. పదులు బొటనవేలు, చూపుడువేలివి. వందలు, వేలు కుడిచేతివి. రెండు చేతులతో 9,999 దాకా పలకొచ్చు. అక్షరానికో అంకె చొప్పున గుట్టుగా కబురు కూడా చెప్పొచ్చంటాడు: 3, 1, 20, 19, 5, 1, 7, 5 చూపిస్తే లాటిన్‌లో ‘జాగ్రత్తగా మసలుకో’ అని. సన్యాసికి ఈ కొంటెతనం ఏమిటో గానీ, నాకు మాత్రం అక్కడే మనిషి కనిపిస్తాడు.

అసలు కిటుకు కణుపుల్లో ఉంది. జపం లెక్కపెట్టే మన పెద్దవాళ్లకు ఇది కొత్త కాదు. బొటనవేలికి రెండు, మిగతా నాలుగింటికి మూడేసి, మొత్తం 14. అయిదు గోళ్లూ కలిపితే 19. సరిగ్గా 19 ఏళ్లకు, అంటే 235 చాంద్రమాసాలకు, పున్నమి ఇంచుమించు పాత తేదీకే తిరిగొస్తుంది. ఏడాదికి పన్నెండేసి వేసుకుంటే 228. మిగిలిన ఏడూ, మన పంచాంగం మాటల్లో, అధిక మాసాలు. గోళ్లు వదిలేసి రెండు చేతుల కణుపులూ కలిపితే 28. లీపు సంవత్సరాలతో సహా తేదీలూ వారాలూ మళ్లీ కుదురుకునే చక్రం అది. 19ని 28తో హెచ్చవేస్తే 532. అన్నేళ్ల ఈస్టర్ పట్టిక రెండు చేతుల్లో ఇమిడింది. కాగితమే లేని ఆ మఠంలో, దూడతోలు మీద రాసుకునే రోజుల్లో, ఒక్కో పుటా ఎంత ఖరీదో తలుచుకుంటే చెయ్యి విలువ తెలుస్తుంది.

సముద్రపు పోటుపాట్లనూ అతను అలాగే గమనించాడు. ఒకే తీరంలో రేవు రేవుకీ పోటు వేళ మారుతుందని రాశాడు. 731లో ముగించిన ఇంగ్లిష్ జాతి చర్చి చరిత్రలో సంఘటనలకు క్రీస్తు శకం తేదీలు వేశాడు. ఆ అలవాటు పడమటి దేశాల్లో నాటుకోవడానికి ఆ పుస్తకం చాలావరకు కారణం.

735 మే నెల. ఊపిరాడని స్థితిలోనూ యోహాను సువార్తను ఇంగ్లిష్‌లోకి చెబుతూ శిష్యుడిచేత రాయించాడు. సొంత పెట్టె తెప్పించి తోటి సన్యాసులకు పంచిపెట్టాడు. అందులో ఉన్నవి కాసిని గుడ్డలు, ధూపద్రవ్యం, కొద్దిగా మిరియాలు. జారో గడప పెద్దగా దాటని మనిషి పెట్టెలోకి ఆ మిరియాలు బహుశా మన దక్షిణాది తీరం నుంచే ఎన్నో చేతులు మారి చేరి ఉంటాయి.